మాత్రిక, మాతృక

గ్రిమ్స్‌బీ రేవులో తెల్లారగట్ల నాలుగింటికి
నేను చేసే మొదటి పని చీకటిని పుట్టించడం.
నాలుగొందల ఎనభై వరుసలు, ఆరొందల నలభై నిలువులు,
గడికి మూడేసి అంకెలు, అన్నీ సున్నాలే.
ఒక్క లైను రాసి ఎంటర్ కొడితే
తెర మీద నల్లటి పలక,
ఇంకా ఎవరూ బలపం పెట్టనిది.

ఈ లైబ్రరీకి కొన్ని వంకర బుద్ధులు.
లోకమంతా ఎరుపుతో మొదలెడితే
ఇది నీలంతో మొదలెట్టి ఎరుపుని ఆఖర్న కూర్చోబెడుతుంది.
మొదటి వారం ఆ సంగతి మరిచి
హాడక్ ముక్కల మీది నెత్తుటి చారలన్నీ
నీలంగా చూపించాను.
"సిరా తాగి చచ్చిందా ఇది?" అంది డొరీన్.
గడిని అడగాలంటే వరుస ముందు చెప్పాలి,
చుక్క పెట్టాలంటే నిలువు ముందు.
ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు.
రెండొందల యాభైకి పది కలిపితే
దీని లెక్కలో రెండొందల యాభై అయిదు,
నిండిన చెంబులో పోసిన నీళ్లలా మిగతాది ఒలికిపోతుంది.
పక్క లైబ్రరీలో అదే కూడిక నాలుగు.
వెలిగిపోతున్నది వెలిగిపోతూనే నల్లబడుతుంది.

డొరీన్‌కి ఇవేవీ పట్టవు.
ముప్పై ఒక్కేళ్లుగా ఆ బెల్టు పక్కనే,
అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద
ముక్క పరిచి, కళ్లు కిటికీలో సముద్రకాకుల మీదుంచి
ముల్లుని బొటనవేలితో పట్టుకుంటుంది.
"ఎంత తెలుపు దాటితే ముల్లు?"
"అది తెలుపు కాదు పిల్లా, మొండితనం."
మొండితనానికి అంకె ఎంతో తెలీక
నూట ఎనభై ఎనిమిది పెట్టి చూశాను.
పదింట్లో తొమ్మిది దొరికాయి.
పదోది, అడక్కుండానే, ట్రే అంచున పెట్టి వెళ్లింది.

ఆమె ఆఖరి షిఫ్టు శుక్రవారం.
కీత్ కేకు తెచ్చి, చేపల కంపు తగలకూడదని
బయట ఇనపమెట్ల మీద కోశాడు. గాలికి సగం క్రీమ్ అతని చొక్కాకే.
ఆ రోజు చివరి బొమ్మలోకి ఆమె చెయ్యి వచ్చింది.
నీలం గ్లవ్, బొటనవేలి దగ్గర చిరుగు,
ముల్లున్న చోట ఆనించిన వేలు.
చెయ్యి అడ్డమొస్తే లెక్క తప్పుతుంది కాబట్టి
ఆ మేరకు నూట ఇరవై వరుసలు, తొంభై నిలువులు
వేరే పేరులోకి తీసుకుని
నకలే కదా అని సున్నాలు నింపాను.

ఇంటర్లో ఒకసారి మాత్రిక అని రాయాల్సిన చోట
మాతృక అని రాశాను.
లెక్కల మేడం వరాహలక్ష్మి గారు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి
"ఇది గడుల్లో అంకెలు, అది నకలుకి మూలం,
ఒకటి ఒకటి కాదమ్మా" అన్నారు.
మేడం, ఇక్కడ ఒకటే.
పేరు కొత్తది, కింద మెమరీ పాతది,
ఒకే గదికి రెండు తలుపులు.
ఒక తలుపున వెళ్లి తుడిచేస్తే
రెండో తలుపు తీసినా గోడ ఖాళీయే.
క్లోన్ అని ఒక్క మాట చేర్చుంటే సరిపోయేది.
చేర్చలేదు. పైగా సేవ్ కొట్టాను, పాత పేరు మీదే.

సోమవారం ఆ బొమ్మ తెరిచాను.
తెల్లటి హాడక్ మధ్య దీర్ఘచతురస్రపు గొయ్యి.
ఊరికే, గొయ్యి అంచు పొడవునా గడి గడినీ అడుగుతూ పోయాను.
కోత పెట్టేటప్పుడు చివరి నిలువు లెక్కలోకి రాదని
ఎప్పట్లాగే మరిచినట్టున్నాను.
నాలుగొందల ఒకటో నిలువు బతికే ఉంది.
నూట తొంభై, డెబ్బై, ముప్పై ఒకటి.
నూట తొంభై, డెబ్బై రెండు, ముప్పై.
అంతా గ్లవ్ నీలమే, వరుసగా,
మధ్యలో మూడంటే మూడు గడులు తప్ప.
నూట నలభై, నూట డెబ్బై, రెండొందల పది.
నీలం ముందు, ఎరుపు ఆఖర్న.

చిరుగు.